మ్యాపులో మొగుడు

టవరాయన పది గంటల బస్సుకు వస్తాడు, ఒంటిగంటకు మళ్ళీ వెళ్ళిపోతాడు. రెండు నెలల తరువాత ఇంటికి వచ్చే మనిషికి కంపెనీ ఇచ్చిన సెలవు మూడంటే మూడే గంటలు. అందులో ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదని, ఆయన భార్య టైలరమ్మ ఆ పొద్దున కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి బస్టాండుకు బయలుదేరింది.

ఆయనకు టవర్లెక్కి బాగుచేయడం ఉద్యోగం, సరదాకి వైర్‌లెస్ సెట్లలో మాట్లాడుకునే హామ్ రేడియో పిచ్చి. ఆయన సంచిలోని సెట్టు రెండు నిమిషాలకోసారి తానెక్కడుందో గాల్లోకి చెబుతుంది. మ్యాపులో ఆయన కాల్ సైనుతో, అంటే రేడియోలో ఆయనకిచ్చిన గుర్తుపేరుతో, ఒక చుక్క వెలుగుతుంది. రెండు నెలలుగా ఇంట్లోని పాత కంప్యూటరు ముందు ఆమె కాపురం ఆ చుక్కతోనే. అది కొండెక్కితే ఆమెకు దడ, దిగితేనే అన్నం సహించేది. మొన్నటి వానకు ఆ చుక్క మాయమైంది, ఆయన ఫోనూ మూగబోయింది. ఊరు దగ్గరపడ్డాక ఆయన గొంతైనా వినబడుతుందేమోనని, ఇంట్లో ఉన్న రెండో సెట్టు సంచిలో వేసుకుంది. తనది మీటల ఫోను కాబట్టి, మ్యాపు చూసే పని మందుల షాపులో పనిచేసే ఆడపడుచుకు అప్పగించింది.

బస్టాండులో సెట్టు ఆన్ చేసిందో లేదో, ఫోను మోగింది.

"వదినా! చుక్క వచ్చింది! అన్నయ్య బస్టాండులోనే ఉన్నాడు!"

"ఎక్కడే?"

"నువ్వున్న చోటే. కాస్త కళ్ళు విప్పి చూడు. ఫోను పెట్టేయకు!"

నీలం చొక్కా వేసుకున్న ఒకతని భుజం వెనక నుంచి తట్టి, ముఖం చూసి నాలుక కరుచుకుంది. ఆకలేసి ఎదురు హోటలుకు వెళ్ళి ఉంటాడని అక్కడికి పరిగెత్తింది.

"ఇప్పుడు హోటల్లో ఉన్నాడు వదినా!"

"నాకు తెలుసు ఆయన సంగతి!"

ప్రతి బల్లా వెతికింది. చేతులు కడుక్కునే చోట కాపు కాసింది. లేడు. మాసిన గడ్డంతో ఇంటికి రాడు కదా అని సెలూనుకు వెళ్ళింది. చుక్కా సెలూనుకు వెళ్ళింది. కుర్చీలో నురగ పూసిన ముఖం ఒకటి కనబడితే తువ్వాలు లాక్కుని తుడిచేసింది. నురగ కింద ఇంకెవరి మొగుడో ఉన్నాడు.

"వదినా, తప్పుగా అనుకోకు," ఆడపడుచు గొంతు తగ్గించింది. "నువ్వెళ్ళిన చోటికల్లా వస్తున్నాడు, నీకు మాత్రం కనబడట్లేదు. దాక్కుంటున్నాడేమో?"

"నా దగ్గర దాక్కోవడానికి మీ అన్న ఏం దొంగతనం చేశాడు?" అందే గానీ, దారిలో ప్రతి తలుపు వెనకా ఓసారి తొంగిచూసింది.

పదకొండున్నరకు కాళ్ళు పీకుతుంటే పార్కు బల్ల మీద కూలబడింది.

"నీ పక్కనే కూర్చున్నాడు వదినా."

ఆమె పక్కనున్న ఖాళీని చూసింది. చేత్తో తడిమింది కూడా. "ఒక్కసారి కనబడండి," అంది మెల్లగా. "ఈసారి ఎందుకూ తిట్టను, ఒట్టు." రెండు నెలలుగా అణచుకున్న బెంగంతా అక్కడే పొంగింది. అరచేత్తో కళ్ళు తుడుచుకుని, ఇక చాలని ఇంటిదారి పట్టింది.

"ఇంటివైపే నడుస్తున్నాడు!" అంటూనే ఉంది ఆడపడుచు. "మీ మెట్ల దగ్గర ఆగాడు!"

మెట్ల మీద నిజంగానే ఉన్నాడు. మాసిన గడ్డంతో, సంచి ఒళ్ళో పెట్టుకుని.

"ఊరంతా ఎందుకు తిప్పారు నన్ను?" అంది, ఒట్టు మరిచిపోయి.

"నేనా? బస్సు కోసం చూడకుండా కంపెనీ జీపులో పదింటికే వచ్చేశా. చూస్తే తాళం! నా సెట్టూ ఫోనూ వానలో తడిసి పాడైపోయాయి. పక్కింటి ఫోన్ నుంచి పదకొండు సార్లు చేశా, నీది ఎంగేజే!"

అప్పుడే ఆమె సంచిలో ఏదో కీచుమంది. ఆయన తొంగిచూశాడు.

"ఈ సెట్టూ ఎక్కడుందో నా కాల్ సైనుతోనే చెబుతుందే పిచ్చిదానా! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికావన్నమాట."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె రెండూ చేసింది. అప్పటికి పన్నెండుంబావు. మిగిలిన ముప్పావుగంటలో వంటా లేదు, పెద్దగా కబుర్లూ లేవు. తాళం కూడా తీయకుండా ఆ మెట్ల మీదే భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు.

ఒంటిగంటకు జీపు వచ్చి ఆయన్ను తీసుకుపోయింది. రెండింటికి ఆడపడుచు ఫోను.

"అన్నయ్య ఇంకా వెళ్ళలేదా వదినా? మ్యాపులో ఇంట్లోనే ఉన్నాడు!"

టైలరమ్మ కుట్టుమిషను పక్కనున్న సెట్టు వైపు చూసింది. ఆపేద్దామని చెయ్యి చాచింది గానీ, మనసు రాలేదు.

బ్యాటరీ అయిపోయేదాకా ఆయన ఇంట్లోనే ఉన్నాడు.