అడుగున పెట్టిన బొట్టు

ఆ గురువారం పొద్దున ప్రేమలత వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత లాప్‌టాప్‌లోని ఆపరేటింగ్ సిస్టంను లైసెన్సుతో సహా కొత్త లాప్‌టాప్‌లోకి మార్చాలి, పదింటికి చాయ్ తాగాలి. రెండింట్లో ఒక్కటీ అనుకున్న టైముకు జరగలేదు.

పాశమైలారంలోని ఓ చిన్న రసాయనాల ఫ్యాక్టరీలో లేబుళ్ల గది ఆమెది. గది అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఓ టేబులు, ఓ ప్రింటరు, కరెంటు దయతలిస్తే తిరిగే ఓ ఫ్యాను. అయితేనేం, ఆమె లేబుల్ అంటించనిదే ఒక్క డ్రమ్ము గేటు దాటదు. ఎనిమిదేళ్లుగా అదే రివాజు.

కొత్త లాప్‌టాప్ కొన్నది మేనేజర్ లక్ష్మీకాంతం. ఆపరేటింగ్ సిస్టం లేకుండా అయితే చవకగా వస్తుందని ఉత్త డబ్బా కొనుక్కొచ్చాడు. ప్రేమలత దాన్ని పట్టుకుని ఆయన గదికి వెళ్లింది. దసరా పూజలో హారతి పళ్లెం పట్టుకుని దిగిన తన ఫోటోను సంగారెడ్డిలో నిలువెత్తున చేయించుకుని, దాని కిందే కుర్చీ వేయించుకున్న మనిషి ఆయన.

"ఇండ్ల ఏం లేదు సార్."

"ఫైజల్ వస్తడు. డూప్లికేట్ ఏస్తడు. రెండు నిమిషాల పని."

"డూప్లికేట్ ఎందుకు? ఆరేండ్ల కింద ఒరిజినల్ డబ్బాతోని కొన్నం గద. పాత మిషిన్ల తీసేసి కొత్త మిషిన్ల ఏసుకోవచ్చని దాని మీదనే రాసున్నది."

"లోకమంత డూప్లికేటే నడుస్తున్నది ప్రేమలతా!"

"లోకం సంగతి నాకెర్క లేదు సార్. నా గదిల నడవది."

లక్ష్మీకాంతానికి ముక్కు మీద కోపం. సరుకు కొనే కంపెనీ నుంచి ఆడిటర్ సాయంత్రం నాలుగింటికి వస్తోంది. లేబుళ్లు ఏ కంప్యూటర్లో తయారవుతున్నాయో, దాని లైసెన్సు ఏమిటో చూస్తుంది.

"అయితే నాలుగింటికి ఆమెకు ఒరిజినలే చూపియ్యి. చూపియ్యకుంటే లేబుళ్ల పని మా బామ్మర్దికిస్త. రేపటి సంది నువ్వు ప్యాకింగుల డ్రమ్ములు దొర్లియ్యి."

కిష్టారెడ్డిపేటలో ప్రింటింగ్ ప్రెస్ ఉన్న ఆ బామ్మర్ది రెండేళ్లుగా ఈ గది మీదే కన్నేసి ఉన్నాడు.

"నాలుగైనంక ఇయ్యుండ్రి సార్. ఇంకా తొమ్మిదిన్నరనే అయింది" అని ప్రేమలత వచ్చేసింది.

లైసెన్సు ఒకసారికి ఒక్క యంత్రంలోనే ఉండాలని రూలు. రూలంటే ఆమెకు ప్రాణం. కాబట్టి ముందుగా పాత లాప్‌టాప్‌లోంచి లైసెన్సు తీసేసింది. లైసెన్సు లేని యంత్రంలో లేబుళ్ల సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఇప్పుడు రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి, లేబుళ్లు మాత్రం లేవు. ఏం పర్వాలేదు, కొత్తదాంట్లోకి అన్నీ ఎక్కించేసింది, ఇక కీ కొడితే అయిపోతుంది. ఇరవై అయిదు అక్షరాల ఆ కీ ఉన్న కార్డును ఎక్కడా పోకుండా పాత లాప్‌టాప్ అడుగున కొన్నప్పుడే తను జిగురుతో అంటించింది. ధీమాగా దాన్ని బోర్లించింది.

అక్కడ కీ లేదు. పసుపు ఉంది, కుంకుమ ఉంది.

ఆ ఫ్యాక్టరీలో దసరాకు బాయిలరు మొదలు స్టేప్లరు దాకా అన్నిటికీ బొట్లు పెడతారు. లాప్‌టాప్ కొన్న ఏడాది లక్ష్మీకాంతం మూత మీద పెట్టొద్దన్నాడు, మరకలవుతాయట. సరే, అడుగున పెట్టారు. అడుగంతా నలుపు, తెల్లగా ఉన్నది ఈ కార్డే కదా, బొట్టు కళకళలాడుతుందని ప్రతి ఏడూ దాని మీదే పెట్టారు. మర్నాడు తడిబట్టతో తుడిచారు. ఆరు దసరాల తర్వాత ఇరవై అయిదులో తొమ్మిది అక్షరాలు మిగిలాయి.

"థూ! నా చేతులతోనే పట్టుకుని పెట్టిచ్చిన గదా!" అని ప్రేమలత నెత్తి కొట్టుకుంది.

ఆ చప్పుడుకు పక్క ల్యాబులోంచి లింగం వచ్చాడు. ఎంత మొండి మరకనైనా వదిలించగలనని లింగానికి గట్టి నమ్మకం.

"గింతదానికి పరేషాన్ ఎందుకక్కా? కుంకుమ కింద అక్షరాలు ఉండే ఉంటయి. జెర సాల్వెంట్ పెట్టి తుడుస్త, సూడు."

తుడిచాడు. మనసు పెట్టి తుడిచాడు.

"కుంకుమ మొత్తం పోయిందక్కా!" అన్నాడు సంతోషంగా. తర్వాత వంగి చూసి గొంతు తగ్గించాడు. "అక్షరాలు గూడ మొత్తం పోయినయ్."

లింగాన్ని ఏం చేయాలో ఆలోచించే తీరిక కూడా ఆమెకు దొరకలేదు. లేబుళ్లు లేక డ్రమ్ములు వరండా దాకా పేరుకున్నాయి. బీహారు నుంచి వచ్చిన లారీ డ్రైవరు ప్రతి పావుగంటకూ కిటికీలోంచి తొంగిచూసి, "లేబుల్ కబ్ లగేగా మేడమ్?" అంటూ ఎప్పుడు అంటిస్తారో అడుగుతున్నాడు. పన్నెండింటికల్లా ప్రేమలత కంప్యూటర్‌ను కెమికల్ పోసి కడిగిందని ఫ్యాక్టరీ అంతా పాకింది. ఒంటిగంటకు ఆమెను ప్యాకింగుకు పంపేశారని ఖాయమైంది. రెండింటికి ప్యాకింగు నుంచి రేఖ రబ్బరు గ్లౌజులు పట్టుకుని వచ్చింది.

"నీ సైజు తెల్వదక్కా. పెద్దయే తెచ్చిన."

"నీ దగ్గరనే ఉంచుకో. ఇంకా రెండు గంటలున్నది."

పైకి అలా అంది కానీ నిజంగా ఆమెకు భయం వేసింది. డ్రమ్ములకు కాదు. తన పేరుతో నడిచిన గదిలో రేపు ఎవరో బామ్మర్ది కాళ్లు చాపుకుని కూర్చుంటాడు. అది తలుచుకుంటేనే ఒళ్లు మండింది.

మూడింటికి ఫైజల్ వచ్చాడు. పటాన్‌చెరులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతనిది.

"సార్ పంపిండక్కా. నువ్వు జెర కండ్లు మూసుకో, రెండు నిమిషాల్ల ఏసి పోత."

"ఆ పెన్‌డ్రైవ్ జేబులకెల్లి బయటికొస్తే మంచిగుండది ఫైజల్. గా స్టూలు మీద కూసో."

ఫైజల్ కూర్చున్నాడు. ఆ గొంతు విన్నాక ఎవరైనా కూర్చుంటారు.

ఆడిటర్ ఆతియా మేడమ్ నాలుగింటికి ఇరవై నిమిషాల ముందే వచ్చింది. కబురు రాగానే ప్రేమలత రెండు లాప్‌టాప్‌లూ చంకన పెట్టుకుని మేనేజర్ గదిలోకి నడిచింది. వెనక లింగం, ఫైజల్.

"ఒరిజినల్ పెట్టుమని నేను చెప్పిన మేడమ్, ఈమెనే వినలే" అంటున్నాడు లక్ష్మీకాంతం. "లేబుళ్లకు వేరే మంచి పార్టీని చూసి పెట్టిన."

ఆయన మొహం చూడబుద్ధి కాక ప్రేమలత తలెత్తి ఆయన వెనక ఉన్న ఫోటో వైపు చూసింది. ఆరేళ్ల కిందటి దసరా. ఎడమ చేత హారతి పళ్లెంతో లక్ష్మీకాంతం. పక్కన లాప్‌టాప్‌ను బోర్లించి పట్టుకున్న తను. కుంకుమ అంటిన ఆయన వేలు తెల్లని కార్డుకు బెత్తెడు దూరంలో ఆగి ఉంది. బొట్టు ఇంకా పెట్టలేదు.

"సార్, జెర లేవుండ్రి."

"ఎందుకు?"

"మీరు నా లైసెన్సుకు అడ్డం కూసున్నరు."

ఆయన లేచేలోపే ఆమె కుర్చీ ఎక్కి ఫ్రేము దించింది. లేబుళ్ల మీద సన్న అక్షరాలు చూసే భూతద్దం తీసి, ఒక్కో అక్షరం చదువుతూ కొత్త లాప్‌టాప్‌లో కొట్టింది. ఇరవై అయిదూ అయ్యాయి.

ఈ కీ ఇప్పటికే వేరే కంప్యూటర్లో వాడుకలో ఉన్నది అని తెర మీద పడింది.

"ఎట్లుంటది? పొద్దుగాలనే పాతదాంట్లకెల్లి తీసిన!"

ఫైజల్ నేల వైపు మరీ శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఫైజల్!"

"అక్కా... పోయినేడు సార్ లాప్‌టాప్ ఖరాబైంది. డూప్లికేట్ ఏస్తే నడవలే. సారేమో జల్దీ జల్దీ అన్నడు. తలకాయెత్తితే గోడ మీద ఇది కనవడ్డది. కొట్టిన. ఫోన్ల అడిగితే ఒక్కదాంట్లనే ఉన్నదన్న."

ఆతియా మేడమ్ రాయడం ఆపి కళ్లద్దాలు సరిచేసుకుంది. లక్ష్మీకాంతం బల్ల మీద తెరిచి ఉన్న తన లాప్‌టాప్‌ను నెమ్మదిగా మూయబోయాడు.

"ఉండనివ్వండి సార్. చూస్తాను" అంది ఆవిడ మర్యాదగా.

ప్రేమలత లైసెన్సు వాళ్ల సహాయ కేంద్రానికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. ఈ కీ ఎన్ని కంప్యూటర్లలో ఉన్నదో చెప్పండి అని మెషీన్ గొంతు ఇంగ్లిషులో అడిగింది. ఆమె ఫోన్‌ను మేనేజర్ ముందుకు జరిపింది.

"మీరే చెప్పుండ్రి సార్, ఒకటా, రెండా? నాకు అబద్ధం చాతకాదు."

లక్ష్మీకాంతం ఆడిటర్ వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. మెషీన్ మళ్లీ అడిగింది.

"ఫైజల్, నా దాంట్లకెల్లి తీసెయ్" అన్నాడు నీరసంగా.

"రెండు నిమిషాలు సార్!"

తీశాడు. లక్ష్మీకాంతం ఫోన్ మీద వంగి, "వన్" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడానికి పన్ను పీకినంత కష్టమైంది. మూడూ యాభై ఎనిమిదికి కొత్త లాప్‌టాప్‌లో లైసెన్సు నిలిచింది. నాలుగింటికి లేబుళ్ల గది ప్రింటర్లోంచి మొదటి లేబుల్ బయటికి వచ్చింది. బయట లారీ డ్రైవరు ఈల వేశాడు. ప్రేమలత ఆ లేబుల్‌ను తీసుకెళ్లి ఆడిటర్ చేతిలో పెట్టింది.

"మరి నా లాప్‌టాప్ ఎట్ల?" అని లక్ష్మీకాంతం ఆమె చెవి దగ్గర గొణిగాడు.

"ఒరిజినల్ కొనుండ్రి సార్, డబ్బాతోని" అంది ప్రేమలత అందరికీ వినపడేలా. "కార్డు మీద మాత్రం బొట్టు పెట్టకుండ్రి." తర్వాత వెళ్లి పదింటి చాయ్ తాగింది.

వారానికి ఆడిట్ రిపోర్టు వచ్చింది. లేబుళ్ల గదిలో ఒక్క లోపం కూడా లేదట. మేనేజర్ గారి గది కింద రెండు రాశారు. ఆయన లాప్‌టాప్‌కు లైసెన్సు కొనాలి, గోడ మీది ఫోటోను రహస్య పత్రంగా భావించి తాళం వేసిన బీరువాలో ఉంచాలి.

ఫ్యాక్టరీలో తాళం పడే బీరువా లేబుళ్ల గదిలో ఒక్కటే ఉంది.