పిన్ని ఆన్‌లైన్ అంగడి

ఎండ అరుగెక్కేలోపు సంచులన్నీ బల్ల మీద పరిచేసి మిషన్ ముందు కూర్చోవాలి. ఆ ఉదయం పిన్ని అనుకున్నది అంతే. పాత గొడుగుల గుడ్డ విప్పి ఆమె కుట్టే చేతిసంచులు ఎంత వానకూ తడవవు. వీధి మొత్తానికి ఆమె సంచుల పిన్ని.

చిక్కల్లా ఆ బల్లతోనే. అది అరుగు మీద పట్టదు, రెండు కాళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. ఆ రెండు కాళ్ళ మీద మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు కన్ను పడింది. జేబులోంచి కొలిచే టేపు తియ్యందే నోరు విప్పడు కాబట్టి వీధిలో ఆయన్ని టేపు అనే అంటారు. ఇంకోసారి బల్ల బయట కనబడితే కుట్టుమిషన్ కూడా పట్టుకుపోతానని ముందురోజే చెప్పి వెళ్ళాడు. ఆ మిషన్ ఆడితేనే పిన్ని ఇంట పొయ్యి వెలిగేది.

బల్ల బయటికి లాగడమా మానడమా అని ఆమె మీనమేషాలు లెక్కపెడుతుండగా ఎదుటి సెలూన్‌లోంచి పేపరు చదువుతున్న గొంతు వినబడింది. కుర్చీలో మనిషి గడ్డానికి నురగ పూస్తూ వార్తలు పైకి చదవడం సెలూనాయన అలవాటు. ఆన్‌లైన్ అంగళ్ల మీద ఏ ఊరి మున్సిపాలిటీ సొంతంగా ఆంక్షలు పెట్టకూడదని రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసిందట.

పిన్నికి తెలిసిన లైన్ ఒక్కటే. కిటికీ ఊచ నుంచి రోడ్డవతలి స్తంభం దాకా ఉన్న బట్టలారేసే తీగ. దాన్ని కట్టిపెట్టినవాడు కరెంటు లైన్‌మన్ కావడంతో ఆ ఇంట్లో దాని పేరు లైన్ అయిపోయింది.

"అంటే లైన్ మీదున్న సరుకు జోలికి వాళ్ళు రాకూడదనేగా, అబ్బాయ్?" అని అడిగింది అరుగు మీంచే.

"రాకూడదు పిన్నీ. వాళ్ళ తాత వచ్చినా సరే," అన్నాడు సెలూనాయన. కత్తి అవతలివాడి గొంతు దగ్గర ఉండడం వల్ల తల తిప్పి చూడలేదు.

బల్ల లోపలికి పోయింది. సంచులు క్లిప్పులు పెట్టుకుని లైన్ ఎక్కాయి. టేపు వచ్చి వంగి నేలంతా కొలిచాడు. అంగుళం కూడా దొరకలేదు. ఇదేమిటమ్మా అంటే పిన్ని నింపాదిగా, "ఆన్‌లైన్ బాబూ. మీరు పేపరు చదవరా?" అంది.

టేపు తన టేపు చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వీధి దాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టింది. మధ్యాహ్నానికల్లా చెప్పులాయన చెప్పులు జతలుగా వేలాడదీశాడు. కూరలావిడ సొరకాయలకు తొడిమ దగ్గర తాడు కట్టి పైకెక్కించింది. అసలు సంగతి తెలిసిన సెలూనాయన కూడా, ఊరికే ఉండడం దేనికని రోడ్డుకు అడ్డంగా తన బోర్డు వేలాడదీశాడు. ఆ వీధిలో జనం అంత వినయంగా తల వంచుకుని నడవడం అదే మొదటిసారి.

మర్నాడు కమిషనరు స్వయంగా చూడడానికి వచ్చాడు. ఆయన నుదురు సొరకాయకు కొట్టుకుంది. దాంతో చట్టం మీద ఉన్న సందేహాలన్నీ తీరిపోయాయి. ఆన్‌లైన్ అంటే ఫోనులో అమ్మడమని, మున్సిపాలిటీకి హక్కు లేనిది దాని మీదేనని, నడివీధిలో వేలాడే సొరకాయ మీద నిక్షేపంలా ఉందని చాటించారు. అందరూ గబగబా సరుకు దించుకున్నారు. మొదలుపెట్టింది పిన్ని కాబట్టి ఆమె లైన్, సంచులు, మిషన్ మున్సిపాలిటీ ఆఫీసు బండెక్కాయి.

ఆ సాయంత్రం పిన్ని మిషన్ ఉండే చోటే కూర్చుంది. కింద పెడల్ లేకపోయినా పాదం దానంతటది ఆడుతూనే ఉంది.

పట్టుకున్న సరుకు అమ్మేయాలన్నది ఆఫీసు పద్ధతి. వేలానికి ఎవరూ రావడం లేదని ఈమధ్య ఆఫీసు కూడా ఫోనులోనే అమ్ముతోంది. టేపు ఆఫీసు వరండాలో పిన్ని లైన్ కట్టి, దానికే సంచులు తగిలించి ఫోటో తీశాడు. ఎన్ని ఉన్నాయని ఫోను అడిగినచోట, లెక్కపెట్టడానికి బద్ధకించి 'ఎన్నైనా' అని నొక్కాడు. ఎక్కడెక్కడో వానలు మొదలయ్యాయి కాబోలు, ఆర్డర్లు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి.

ఆర్డర్లు రద్దయ్యేలా ఊరి తరఫున ఒక నిబంధన పెట్టేద్దామన్నాడు కమిషనరు. ఆఫీసు వకీలు తల అడ్డంగా ఊపాడు. ఆన్‌లైన్ అంగడి మీద మున్సిపాలిటీ నిబంధనలు చెల్లవు. ఒప్పుకున్న సరుకు పంపి తీరాలి.

టేపు వచ్చి పిన్ని అరుగు ముందు నిలబడ్డాడు. ఈసారి టేపు జేబులోనే ఉంది.

"పిన్నిగారూ, ఆ సంచులు మీరే కుట్టిపెట్టాలి."

"దేంతో కుట్టను బాబూ? మీ టేపుతోనా?"

గంట తిరక్కుండా మిషన్ ఆఫీసు బండిలోనే తిరిగొచ్చింది. పిన్ని దాని మీద దుమ్ము తుడిచింది గానీ కూర్చోలేదు. లైన్ ఏదని అడిగింది.

"వీధిలో కుదరదండీ. రూలు ఒప్పుకోదు," అని గొణిగాడు టేపు.

"అయితే నా కాలూ ఒప్పుకోదు."

టేపు కాసేపు తల గోక్కున్నాడు. తరవాత టేపు తీసి కిటికీ నుంచి అరుగు స్తంభం దాకా కొలిచాడు. రోడ్డు మీదికి వెంట్రుకవాసి కూడా రాదని తేల్చుకుని, స్టూలెక్కి తనే లైన్ కట్టాడు. పిన్ని కూర్చుంది. మిషన్ కదిలింది.

టేపు ఇప్పటికీ రోజూ ఆ అరుగు దగ్గరికి వచ్చి కొలుస్తాడు, కాకపోతే గొడుగు గుడ్డ.