మంత్రిగారి బంతి ఆగిన చోటు

"ఇకమీదట మన పాలనలో ఏ బంతీ హద్దు దాటదు" అని భూముల శాఖ మంత్రిగారు పత్రికల వాళ్లని ప్రత్యేకంగా పిలిపించి ప్రకటించారు. విలేకరులు రాసుకున్నారు. ఏ బంతి, ఏ హద్దు అని ఒక్కరూ అడగలేదు. అడిగే అలవాటు పోయి చాలా కాలమైంది. ఆ హద్దేమిటో, ఆ బంతేమిటో పాఠక మహాశయులకి చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎందుకంటే ఆ హద్దు కొయ్యలు పాతింది నేను.

నేను సర్వే ఆఫీసులో చైన్‌మన్‌ని. అంటే సర్వేయరు గారు కుర్చీలో కూర్చుని గీత గీస్తే, ఎండలో టేపు పట్టుకుని ఆ గీత మీద నడిచేవాణ్ణి. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఒక్క అంగుళం తప్పు కొలవలేదు. అందుకే ప్రమోషన్ కూడా రాలేదు.

మంత్రిగారిలాంటి వారు నూరేళ్లకొకరు పుడతారు. ఇద్దరు పుడితే చోటు చాలదు. డాక్టరు రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమన్నాడు. మామూలు రోడ్డు మీద నడిస్తే జనం వెంటపడి అర్జీలిస్తారు. గోల్ఫ్ కోర్సులో అయితే జనాన్ని లోపలికి రానివ్వరు. ఆ ఒక్క సుగుణం చూసి మంత్రిగారు గోల్ఫ్ మొదలుపెట్టారు. పెట్టిన వారానికే పెద్ద ఆటగాళ్ల మాదిరి తెల్లటోపీ, చారల చొక్కా, ఎడమ చేతికి మాత్రమే తొడుగు వచ్చేశాయి. బంతి ఒక్కటే మాట వినలేదు. ఎటు చూసి కొట్టినా కుడివైపే పోయేది.

కోర్సుకి కుడివైపున వరసగా తెల్ల కొయ్యలు, వాటి వెనక గోడ, గోడ వెనక సన్నటి సందు, సందు దాటితే మా వీధి. పద్దెనిమిది ఇళ్లు. మాది మూడోది. మా మామగారూ నేనూ చెరి సగం పెట్టి కట్టుకున్నాం. కట్టిందాని కంటే అప్పు తీర్చిందే ఎక్కువ రోజులు.

మొదటి బంతి తెల్ల కొయ్యలు దాటినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పక్క పొలం కొలతకి వచ్చి నీడకోసం నిలబడ్డాను.

"అవుట్ ఆఫ్ బౌండ్స్ సార్" అన్నాడు కోచ్. పాపం, పాతకాలపు మనిషి. "ఒక స్ట్రోక్ పెనాల్టీ. మళ్లీ మొదటి చోటికే వచ్చి కొట్టాలి."

"హద్దు దాటింది బంతి. శిక్ష నాకా?"

"రూల్ అంతే సార్."

"ఎవరు పెట్టారు?"

"ఆట పుట్టిన దగ్గర్నుంచీ ఉంది సార్."

"అంటే గత ప్రభుత్వాలు" అన్నారు మంత్రిగారు పి.ఎ. వైపు చూసి. పి.ఎ. డైరీలో రాసుకున్నాడు. "ముప్ఫై ఏళ్ల రాజకీయ జీవితం నాది. బయల్దేరిన చోటికి తిరిగి వెళ్లడమనేది నా చరిత్రలో లేదు."

"నాలుగు పార్టీలు మారాం గానీ వెనక్కి మాత్రం వెళ్లలేదు సార్" అన్నాడు పి.ఎ.

కోచ్ ఓపిగ్గా రూల్ మొత్తం చెప్పాడు. బంతి పూర్తిగా కొయ్యల అవతల పడితేనే బయటున్నట్టు. ఆవగింజంత భాగం ఇవతల తగిలినా లోపలున్నట్టే. ఈ మాటకి మంత్రిగారు చాలా సంతోషించారు. "ఇది రాసినవాడు మన పార్టీలో ఉండాల్సినవాడయ్యా" అన్నారు. బంతి బయటికి పోయిందేమోనని అనుమానం వస్తే ముందుజాగ్రత్తగా ఇంకో బంతి కొట్టి ఉంచుకోవచ్చుట. దీన్ని ప్రొవిజనల్ అంటారుట. "ఒకే సీటు ఇద్దరికి ప్రామిస్ చేస్తాం చూడండి సార్, అదే" అని పి.ఎ. అర్థం చెప్పాడు.

"అయితే ఆ కొయ్యలు కాస్త జరిపేస్తే పోలా?"

"అమ్మో! ఆటగాడు హద్దు కొయ్య పీకితే ఇంకా పెనాల్టీ సార్."

పి.ఎ. చిన్నగా దగ్గాడు. "ఆటగాడు పీకితే కదా. సర్వే శాఖ పీకితే?"

ముగ్గురూ చుట్టూ చూశారు. నీడలో నేనున్నాను, చేతిలో టేపుతో సహా.

ఆ రోజు కొయ్యలు నలభై అడుగులు జరిపాను. బంతి లోపలికొచ్చింది. మంత్రిగారు నా భుజం తట్టారు. నాకు గర్వంగా ఉండిందని ఒప్పుకోవాలి. ఇరవై రెండేళ్లలో నా భుజం మీద పడ్డ మొదటి ప్రభుత్వ హస్తం అదే.

రెండో వారం గోడ పోయింది. మూడో వారం సందు లోపలికొచ్చింది. ప్రతి బంతికీ ఒక ఉత్తర్వు రాయలేక పి.ఎ. గారి చేతులు నొప్పెట్టాయి. చివరికి అన్నిటికీ కలిపి ఒకటే రాసి గెజిట్లో వేయించాడు. నాకు కంఠతా వచ్చు:

"గౌరవ మంత్రివర్యులు కొట్టిన తాజా బంతి ఆగిన చోటికి పది అడుగుల అవతల కుడి హద్దు ఉండవలెను. తాజా బంతితో పాత హద్దు రద్దగును. బంతి ఆగిన గంటలోగా కొయ్యలు పాతని సిబ్బంది సస్పెండ్ చేయబడుదురు."

ఏ బంతీ హద్దు దాటదని మంత్రిగారు ప్రకటించింది ఈ ఉత్తర్వు చూసుకునే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎక్కడ పడితే దాని అవతలే హద్దు. ఇక దాటడానికి ఏముంది?

నాలుగో వారం బంతి మా వంటింటి కిటికీలోంచి వచ్చి అంటగిన్నెల తొట్లో పడింది.

కాసేపటికి మంత్రిగారు, కోచ్, పి.ఎ., ఇద్దరు గన్‌మన్లు వెతుక్కుంటూ వచ్చారు. కొలత ప్రకారం మా వంటిల్లు ఇప్పుడు కోర్సులోనే ఉంది. బంతి ఎక్కడుంటే అక్కణ్ణుంచే కొట్టాలి గదా.

"చెప్పులు బయట విప్పండి. ఇప్పుడే తుడిచాను" అంది మా ఆవిడ.

మంత్రిగారు విప్పారు. ఆయనలోని నిరాడంబరతకి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. మేజోళ్లతో తొట్టి ముందు నిలబడి కర్ర ఎత్తబోతే పైన అల్మారా తగిలింది.

"సార్, ఆగండి" అన్నాడు కోచ్. "కదలని కట్టడం అడ్డొస్తే రూల్ ప్రకారం పెనాల్టీ లేకుండా బంతి పక్కకి తీసి వేసుకోవచ్చు."

"నేను పక్కకి తప్పుకోవాలా, కట్టడం పక్కకి తప్పుకోవాలా?" అన్నారు మంత్రిగారు.

మర్నాడే మా వీధి పద్దెనిమిది ఇళ్లకీ నోటీసులు వచ్చాయి. వాటిలో మా ఇంటిని ఇల్లు అనలేదు. 'ఆటంకం నంబర్ మూడు' అన్నారు. పదిహేనో తారీఖున మంత్రిగారి పేర కప్పు పోటీలు. మంత్రిగారి తొలి షాట్‌తో కొత్త హద్దు ఖాయమవుతుంది. లోపలికొచ్చిన ఆటంకాలన్నీ అదే సాయంత్రం తొలగిస్తారు. రెండు బుల్డోజర్లు ముందురోజే వచ్చి వీధి చివర నిలబడ్డాయి.

"మీకు గవర్నమెంటు ఉద్యోగమని మా నాన్న పదిమందికి చెప్పుకుని మురిసిపోయాడండీ" అంది మా ఆవిడ. "ఆ ఉద్యోగంతో సొంత వంటింట్లో కొయ్య పాతారు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోను?"

నాకు సిగ్గేసింది. ఆ మంత్రిగారు తట్టిన భుజాన్నే నరుక్కోవాలనిపించింది.

"ఉత్తర్వు ఉందే" అన్నాను నీరసంగా.

"ఏదీ, చదవండి."

చదివాను. రెండుసార్లు చదివించుకుంది.

"బంతి దూరం పోతే హద్దు దూరం పోతుంది. మరి పోకపోతే?"

"మంత్రిగారి బంతి పోకపోవడమేమిటే, పిచ్చిదానా."

మా ఆవిడ లేచింది. వంటింట్లోకి వెళ్లి ఇల్లు ఖాళీ చేయడానికి సర్దుతున్న సామాన్లు అలాగే వదిలేసింది.

పదిహేనో తారీఖు పొద్దున కోర్సు కళకళలాడింది. ఎర్ర తివాచీ, మైకు, కెమెరాలు, రెండువందల మంది కార్యకర్తలు. మా వీధి వాళ్లకి మొదటి వరసలో కుర్చీలు వేశారు. చొక్కాలకి బ్యాడ్జీలు కూడా తగిలించారు: 'స్వచ్ఛంద త్యాగమూర్తి' అని. మా ఎదురింటి పెద్దాయన ఆ బ్యాడ్జీ పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఫొటోగ్రాఫర్లు ఆనందబాష్పాలని రాసుకున్నారు.

మంత్రిగారు మైకులో ఉత్తర్వు స్వయంగా చదివి వినిపించారు. అక్షరం పొల్లుపోలేదు.

తర్వాత కోచ్ వచ్చి కార్యకర్తలకి దణ్ణం పెట్టాడు. "బాబూ, గోల్ఫ్‌లో ఆటగాడు కర్ర ఎత్తినప్పుడు నిశ్శబ్దంగా ఉండాలి. చప్పుడైతే షాట్ చెడిపోతుంది."

"అదేంటి? నాయకుడు చెయ్యెత్తితే అరవొద్దా?" అన్నాడు కార్యకర్తల్లో ఒకడు. "ఇరవై ఏళ్లుగా మాకిచ్చిన పనే అది."

"ఇవాళ్టికి అరవకండి" అని పి.ఎ. గద్దించాడు. అందరూ బుద్ధిగా నోళ్లు మూసుకున్నారు. కొందరు చేత్తో కూడా మూసుకున్నారు.

చిన్న పుల్ల మీద తెల్లబంతి పెట్టారు. మంత్రిగారు కాళ్లు సరిచేసుకున్నారు. నడుం తిప్పారు. కర్ర ఆకాశంలోకి లేచింది.

"మన మంత్రిగారికీ..." అని మొదటి వరసలోంచి ఒక ఆడగొంతు.

రెండువందల గొంతులు, ఇరవై ఏళ్ల అలవాటు. ఆపుకోవడం ఎవరి తరం?

"జిందాబాద్!"

మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. కర్ర వచ్చి నేలకి తగిలి, కాస్త మట్టినీ, గడ్డినీ, చిట్టచివర బంతినీ కదిలించింది. బంతి పుల్ల మీంచి దొర్లి, అలవాటు కొద్దీ కుడివైపు తిరిగి ఆగింది.

నేను గడియారం చూసుకుని టేపు తీశాను.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?" అన్నాడు పి.ఎ.

"కొలుస్తున్నాను సార్. మూడడుగులు. అవతల పది. మొత్తం పదమూడు. గంటలోగా పాతకపోతే సస్పెన్షన్ సార్."

"బుద్ధుందా? ఇది షాటే కాదు!"

ఒక విలేకరి కోచ్‌ని అడిగాడు. "ఏమండీ, ఇది షాటా, కాదా?"

కోచ్ నలభై ఏళ్లుగా ఆ ఒక్క విషయంలోనే అబద్ధమాడలేదు. "కొట్టాలని ఊపితే షాటే. ఊరికే ఊపితే కాదు."

"అయితే మంత్రిగారు ఊరికే ఊపారని రాసుకోమంటారా?" అని విలేకరి పి.ఎ. వైపు తిరిగాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పి.ఎ. డైరీ తెరిచి మూశాడు.

పాఠకులారా, మామూలు నాయకుడైతే ఇక్కడ తడబడేవాడు. మంత్రిగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! నాలుగొందల గజాలు కొట్టడం నాకు చిటికెలో పని. కానీ కర్ర ఎత్తిన ఆ క్షణంలో నా కళ్లకి ఈ పేదల ఇళ్లు కనిపించాయి. కొట్టడం గొప్ప కాదు. చెయ్యెత్తి కూడా కొట్టకుండా ఆపుకోవడం గొప్ప! ఆలోచించి, కావాలని, మూడే మూడడుగులు కొట్టాను. పదమూడో అడుగు అవతల ఉన్నదంతా ప్రజలదే!"

చప్పట్లు ఆగలేదు. ఎదురింటి పెద్దాయన మళ్లీ ఏడ్చాడు. ఈసారి ఫొటోగ్రాఫర్లు రాసుకున్నది నిజమైంది. నేను కొయ్యలు పాతుతుంటే కళ్లు మసకబారాయి. అయినా కొలత తప్పలేదు.

"రెండో షాట్ సార్" అన్నాడు కోచ్.

మంత్రిగారు ఉత్సాహంగా కర్ర ఎత్తారు. పి.ఎ. పరుగున వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. నాకు సగమే వినపడింది: "...మళ్లీ కుడివైపే పోతుంది సార్... తాజా బంతి... రేపటి పేపర్లో..."

మంత్రిగారు మెల్లగా కర్ర దించారు. ఇంకో బంతి కొడితే ఇచ్చిన భూమి వెనక్కి లాక్కున్నట్టు. ఉత్తర్వు రద్దు చేద్దామంటే, ఎందుకు రద్దు చేశారో ఫైల్లో కారణం రాయాలి.

"ఈ బంతి ఇక్కడే ఉంటుంది" అన్నారు గంభీరంగా.

గోల్ఫ్‌లో బంతి చేరాల్సిన గుంట దగ్గరి జెండాకి ఎక్కువ దూరంలో ఉన్న బంతినే ముందు కొట్టాలిట. మంత్రిగారి బంతికన్నా దూరంలో ఇంకో బంతి ఉండడం ఎవరికీ సాధ్యం కాలేదు. మిగతా ఆటగాళ్లు సాయంత్రం దాకా నిలబడి, కర్రలు సర్దుకుని వెళ్లిపోయారు. తక్కువ దెబ్బలు కొట్టినవాడే విజేత గనక, ఒకే ఒక్క దెబ్బకి కప్పు మంత్రిగారికే వచ్చింది. ప్రపంచంలో ఇంత తక్కువ స్కోరు ఎవరూ చేసి ఉండరని కోచ్ తల వంచుకుని ప్రకటించాడు.

బుల్డోజర్లు వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం మా ఆవిడకి గొంతు రాసుకుపోయి మాట రాలేదు. వేడినీళ్లు తాగుతూ కూర్చుంది. మొదటి కేక ఎవరిదో పి.ఎ. గారు ఇప్పటికీ విచారిస్తున్నారు. మంత్రిగారు గోల్ఫ్ మానేసి ఈత మొదలుపెట్టారు. చెరువు గట్టున ఉండేవాళ్లకి కాస్త బెంగగా ఉందని వినికిడి.

బంతి చుట్టూ చిన్న కంచె కట్టారు. ఇరవై నాలుగ్గంటలూ ఒక కానిస్టేబుల్ కాపలా. పద్దెనిమిది ఇళ్ల వాళ్లం పొద్దున్నే అటుగా వెళ్లి ఒకసారి చూసి వస్తాం. కాకి తన్నినా, గాలి తోసినా బంతి కొత్త చోట ఆగుతుంది. కొత్త చోట ఆగితే కొత్త హద్దు. ఇంటి కాగితాలేవని ఎవరైనా అడిగితే గడ్డిలో బంతిని చూపించే బతుకైంది మాది. నవ్వొస్తుంది గానీ, ఈదురుగాలి వీస్తే మాత్రం ఎవరికీ నిద్ర పట్టదు.

నెలకోసారి బంతి స్థితి కొలిచి రిజిస్టరులో రాసే డ్యూటీ నాకే పడింది. మొన్న గాలివాన వెలిశాక వెళ్లాను. చెట్లు రెండు పడిపోయాయి. క్లబ్బు రేకులు ఎగిరిపోయాయి. బంతి మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. మట్టి తుడుద్దామని వేళ్లతో పట్టుకున్నాను. రాలేదు. వంగి చూశాను. నడినెత్తిన ఆరంగుళాల మేకు, నేలలోకి దిగేసి ఉంది. మేకు తలకి నీటుగా తెల్లరంగు వేశారు. ఆ రంగు డబ్బా మా ఇంట్లో మెట్ల కింద ఉంటుంది.

కానిస్టేబుల్ కేసి చూశాను. అతను ఆకాశం కేసి చూస్తున్నాడు. అతనిది మా వీధిలో నాలుగో ఇల్లు.

రిజిస్టరు తెరిచి రాశాను: "బంతి సహజ స్థితిలో, నిలకడగా ఉన్నది." కానిస్టేబుల్ సాక్షి సంతకం పెట్టాడు.