కూర్చోబెట్టాలా, పడుకోబెట్టాలా?

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే తూర్పున తుమ్మినవాడికి పడమటి నుంచి "చిరంజీవ" అనేవాడు దొరకనంత పెద్ద అడవిలో, బొంతమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు, జున్ను.

పుట్టుకతోనే జున్నుగాడి వెనక కాలు ఒకటి సత్తువ లేనిది. చెవులు మందం. మింగేటప్పుడు ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. ఇవి పోగా మిగిలిందంతా అల్లరే. తల్లి మూపు మీద కూర్చుని దారినపోయే ప్రతివాణ్ణీ "ఏం మావా, ఎక్కడికి?" అని పలకరిస్తాడు. జవాబు వినబడకపోతే వాడికేం బెంగ లేదు. తనే ఒక జవాబు కల్పించుకుని కిలకిలా నవ్వుకుంటాడు.

అడవిలో వైద్యులకేం కొదవ! గొంతుకి కొంగ డాక్టరుగారు. అంత పొడుగు గొంతు పెట్టుకున్న ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కాళ్ళకి తాబేలు డాక్టరుగారు. ఆయన దగ్గర నడక నేర్చినవాడు జన్మలో కింద పడడని పేరు. పడేంత వేగం వస్తేగా! చెవులకి వడ్రంగిపిట్ట డాక్టరమ్మ. చెట్టు మీద టకటకా కొట్టి లోపల ఏముందో చెప్పేస్తుంది.

నిజం చెప్పాలంటే ముగ్గురూ మంచి హస్తవాసి ఉన్నవాళ్ళే. వచ్చిన చిక్కల్లా, ఒకరు బురద మడుగులో, ఒకరు రాతిగుట్ట మీద, ఒకరు టేకు తోపులో కాపురం. ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు.

కొంగగారు చెప్పారు: "నిటారుగా కూర్చోబెట్టి, బాగా నమిలించి మింగించమ్మా. పడుకోబెట్టి పెట్టావో, ముద్ద అడ్డం పడుతుంది."

తాబేలుగారు చెప్పారు: "కాలు మీద బరువు పడనివ్వకు అమ్మాయ్. పగలంతా బోర్లా పడుకోబెట్టి కాలికి రాయి కట్టు. అదే లాగుతుంది."

డాక్టరమ్మ చెప్పింది: "చెవిలో పసరు పోస్తున్నాను. పగలంతా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టు. దవడ ఆడితే పసరు కారిపోతుంది. నమలనిచ్చావా, ఊరుకోను!"

ఇంకేముంది! కూర్చోబెడితే కాలు వైద్యం చెడింది. బోర్లా వేస్తే చెవి వైద్యం చెడింది. పక్కకి తిప్పితే గొంతు వైద్యం చెడింది. ముగ్గురి మాటా వినబోయి పిల్లాణ్ణి దోసె తిప్పినట్టు అటూ ఇటూ తిప్పడమే సరిపోయింది బొంతమ్మకి. వాడి నోట్లోకి పోయింది మాత్రం ఏమీ లేదు. జున్నుగాడు చిక్కి శల్యమయ్యాడు.

ఒకరోజు తాబేలుగారు వాడి డొక్కలు తడిమి తల లోపలికి లాక్కున్నారు. కాసేపటికి బయటికి తీశారు. "అమ్మాయ్, వీడికి కండ పట్టాలి. వానలు పడేలోగా తిండి లోపలికి పోకపోతే ఆ చలికి నిలవడు. దాచడం ఎందుకు, చెబుతున్నాను."

బొంతమ్మ పిల్లాణ్ణి గుండెకి హత్తుకుంది. "అయితే తాతగారూ, కూర్చోబెట్టి తినిపించనా?"

"తిండి నా శాఖ కాదమ్మా. కొంగగారిని అడుగు."

కొంగగారి దగ్గరికి పరిగెత్తింది. "బాబ్బాబు, కాలికి రాయి విప్పి కూర్చోబెట్టనా?"

"రాయి నా శాఖ కాదు తల్లీ. తాబేలుగారిని అడుగు."

బొంతమ్మకి ఒళ్ళు మండింది. పిల్లాణ్ణి మూపున వేసుకుని తిన్నగా మృగరాజుగారి గుహకి పోయి ఒక్క అరుపు అరిచింది. లోపల కునుకు తీస్తున్న సింహంగారు, తనకంటే గట్టిగా అరిచేవాళ్ళు కూడా ఉన్నారా అని హడలిపోయి బయటికొచ్చారు.

"నా ప్రశ్న ఒకటే మహారాజా! కూర్చోబెట్టాలా, పడుకోబెట్టాలా? ఎవరో ఒకరు చెప్పండి!"

సింహంగారు ఆలోచించారు. ఆయన ఏదైనా ప్రారంభించి చాన్నాళ్ళయింది. జూలు దువ్వుకునే అవకాశం కూడా రావడం లేదు. "ఇంతేనా! వైద్యులందరినీ ఒక్కచోట చేర్చి సమన్వయ మండలి పెట్టేస్తున్నాం. ఇకనించి ఈ అడవిలో కుటుంబమే కేంద్రం!" అని గర్జించారు.

పక్కనే రాయి మీద తొండ ఒకడు తల ఊపుతున్నాడు. పేరు పంగనామాల రావు. సింహం ఔనన్నా ఊపుతాడు, కాదన్నా ఊపుతాడు. ఇంతకంటే అర్హత ఏం కావాలి? అక్కడికక్కడే సమన్వయాధికారి అయిపోయాడు.

మొదటి సమావేశానికి బొంతమ్మ ఎంతో ఆశగా వెళ్ళింది. పిల్లాణ్ణి మాత్రం గుమ్మం దగ్గరే ఆపేశారు. చర్చకి భంగమట.

లోపల మధ్యలో ఒక మొద్దు వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. మెళ్ళో అడవిమల్లెల దండ వేశారు. చుట్టూ వైద్యులు కూర్చుని ఆవిడ నెత్తి మీదుగా తొండ వైపు చూస్తున్నారు.

పంగనామాల రావు గొంతు సవరించుకున్నాడు. "సభా మర్యాద ఒకటే నియమం. ఒకరి అవయవం గురించి ఇంకొకరు మాట్లాడరాదు. ఎవరికి వారు నా చెవిలో చెప్పాలి. నేను సమన్వయిస్తాను."

కొంగగారు గొంతు గురించి చెప్పారు. తొండ ఊపాడు. తాబేలుగారు కాలు గురించి మొదలుపెట్టి, సాయంత్రానికి మోకాలి దాకా వచ్చారు. తొండ ఊపాడు. డాక్టరమ్మకి సమయం మించిపోయింది. అందుకూ ఊపాడు.

బొంతమ్మ మొద్దు మీంచి లేచింది. "అయ్యా, కూర్చోబెట్టాలా, పడుకోబెట్టాలా?"

"ఆహా! ఎంత చక్కని ప్రశ్న!" అన్నాడు తొండ. "చూశారా, కుటుంబాలు ఎంత లోతుగా ఆలోచిస్తున్నాయో! అందరూ చప్పట్లు కొట్టండి."

అందరూ కొట్టారు. బొంతమ్మ కూడా ఏం చెయ్యాలో తోచక రెండు కొట్టేసింది. ఇంటికి వచ్చేదాకా ఆవిడకి గుర్తు రాలేదు, జవాబు ఎవరూ చెప్పలేదని.

ఆపైన ఆవిణ్ణి "గౌరవ కుటుంబ ప్రతినిధి"ని చేశారు. దాంతో పొద్దున ఒక సమావేశం, మాపున ఒక సమావేశం. ఎక్కడికి పోయినా మొద్దు, దండ, చప్పట్లు. పిల్లాడి నోట్లో పండు పెట్టబోతే "ప్రతినిధిగారూ, సభకి వేళయింది" అని కాకి వచ్చి వాలేది. మండలి కొవ్వెక్కుతోంది, జున్నుగాడు ఎండిపోతున్నాడు.

బొంతమ్మ పోరగా పోరగా పంగనామాల రావు ఆవిణ్ణి పక్కకి పిలిచి ఒక తీర్పు చెప్పాడు. "కూర్చోబెట్టమని ఒకరు, పడుకోబెట్టమని ఇద్దరు. ఎవరి మనసూ నొప్పించకూడదు. వాలుగా ఏటవాలు బండ మీద పెట్టండి. సగం కూర్చున్నట్టు, సగం పడుకున్నట్టు!"

పెట్టింది పాపం. జున్నుగాడు జర్రున జారి, దొర్లుకుంటూ పోయి కిందున్న బురదలో బుడుంగున పడ్డాడు. లేచి, "అమ్మా, మళ్ళీ!" అన్నాడు. మండలి చేసిన పనుల్లో పిల్లాడికి నచ్చింది అదొక్కటే. తొండ దాన్ని విజయాల్లో కలుపుకున్నాడు కూడా.

ఆకాశం అంచున ఒక మబ్బు తొంగిచూస్తోంది. బొంతమ్మ ఆ మబ్బు చూసినప్పుడల్లా పిల్లాడి డొక్కలు తడిమి చూసుకునేది.

సరిగ్గా అప్పుడే పంగనామాల రావుకి ఒక పథకం తట్టింది. రాజుగారిని పిలిచి సమన్వయోత్సవం జరపాలి. బొంతమ్మ చేత మండలిని పొగిడించాలి. రాజుగారు పొంగిపోయి తనని గుహలో మంత్రిగా వేసుకోవాలి.

"విందు మాత్రం మీదేనమ్మా," అన్నాడు. "కుటుంబ కేంద్రం కదా!"

బొంతమ్మ పళ్ళు నూరుకుంది. అయినా విందుకొచ్చిన వాళ్ళకి ఏదో ఒకటి పెట్టకపోతే ఎలుగుల వంశానికే అప్రతిష్ట. ఇప్పపూలు ఏరుకొచ్చి, తేనె పోసి, రాతి తొట్టిలో నీళ్ళతో నానబెట్టింది. మర్నాడు పెడితే అమృతమే. కానీ తొండ ఊరుకుంటేనా? ఏర్పాట్లన్నీ ముందే సిద్ధంగా ఉండాలన్నాడు, తను తనిఖీ చేసి తల ఊపాలన్నాడు. తీరా చూస్తే రాజుగారికి తీరిక లేదు. ఉత్సవం రేపు, ఎల్లుండి అంటూ వాయిదా పడుతూ పోయింది. తొట్టి ఎండలో ఉంది.

"అధికారిగారూ, అది పులిసి బుసబుసా పొంగుతోందండీ. తాగారంటే తిక్క లేస్తుంది," అని చెప్పింది బొంతమ్మ.

"పొంగడం శుభ శకునమే తల్లీ," అని తల ఊపేశాడు తొండ.

ఉత్సవం రోజు వచ్చింది. జున్నుగాణ్ణి ఈసారి గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు. ఉత్సవానికి ఒక పిల్లాడు కనబడాలి కదా! రాజుగారు ఇదిగో వస్తున్నారు, అదిగో వస్తున్నారు అంటున్నారే గానీ రావడం లేదు. ఎండ మాడ్చేస్తోంది. వైద్యులకి దాహం వేసింది. తొట్టిలో తలలు పెట్టారు. ఎత్తలేదు.

ముందు కొంగగారు కేకేశారు. "అయ్యో! నా రెండో కాలేదీ? ఎవరో ఎత్తుకుపోయారు!"

"నీ పొట్ట కింద మడిచి పెట్టుకున్నావు కదయ్యా!" అన్నారు తాబేలుగారు.

మండలి పుట్టాక ఒకరి అవయవం గురించి ఇంకొకరు మాట్లాడ్డం అదే మొదలు. తొండ గాభరాగా "నియమం! నియమం!" అని అరిచాడు. ఎవరికి కావాలి నియమం!

"థాంక్సు బావా," అని కొంగగారు తాబేలుగారి డిప్ప మీద వాలిపోయారు. "ఇంతకీ ఆ జున్నుగాడు చక్కగా కూర్చుని తింటున్నాడా?"

"కూర్చోవడమేంటి? నేను బోర్లా పడుకోబెట్టమన్నానే!"

"బోర్లా ఎవడు చెప్పాడయ్యా నీకు? పిల్లాడికి ముద్ద అడ్డం పడదూ?"

"అసలు నమలొద్దని కదా నేను చెప్పింది!" అని డాక్టరమ్మ గాల్లో గిరికీలు కొట్టి, దారి తప్పి, వచ్చి జున్నుగాడి పొట్ట మీద పడింది. అలవాటు కొద్దీ టకటకా కొట్టింది. చెవి ఆనించింది. మళ్ళీ కొట్టింది. ఒక్కసారిగా ఆవిడ మొహం మారిపోయింది.

"ఇదిగో, ఇలా రండి! లోపల బోలుగా ఉంది. ఏమీ లేదు!"

కొంగగారు, తాబేలుగారు ఒకరినొకరు పట్టుకుని తూలుతూ వచ్చారు. ముగ్గురూ కలిసి జున్నుగాణ్ణి చూడ్డం అదే మొదటిసారి.

"మరి... వీడు తినేదెప్పుడు?" అన్నారు కొంగగారు.

"అదేగా నేను మొత్తుకుంటోంది!" అని బావురుమంది బొంతమ్మ. "మీ కాళ్ళు పట్టుకుంటాను, కూర్చోబెట్టాలా, పడుకోబెట్టాలా?"

చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

"తల్లి ఒళ్ళో కూర్చోబెడితేనో?" అన్నారు కొంగగారు.

"ఒళ్ళో అయితే కాలు మీద బరువెక్కడ పడుతుంది! నాకేం అభ్యంతరం లేదు. తిన్నాక రాయి కట్టుకోవచ్చు," అన్నారు తాబేలుగారు.

"పసరు నిద్రపోయేటప్పుడు పోస్తే చాలు. ఎవరైనా ముందే చెప్పి చావచ్చు కదా!" అంది డాక్టరమ్మ.

అంతే. ఇన్నాళ్ళ మండలికి కుదరనిది నాలుగు మాటల్లో తేలిపోయింది.

బొంతమ్మ పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మెత్తగా పిసికిన పనస తొన నోట్లో పెట్టింది. నమిలాడు. కొంగగారు తన గొంతు కూడా చాచి ఊపిరి బిగబట్టారు. గుటుక్కున మింగాడు! ఇంకోటి పెట్టింది. అదీ మింగాడు. తాబేలుగారు భోరున ఏడ్చారు. డాక్టరమ్మ ఏడ్చింది. బొంతమ్మ ఏడుపయితే చెప్పనే అక్కర్లేదు.

అందరూ ఎందుకు ఏడుస్తున్నారో జున్నుగాడికి వినబడలేదు. ఎప్పట్లాగే తనే జవాబు కల్పించుకున్నాడు. "వీళ్ళకి పెట్టలేదనా అమ్మా?" అని ఒక తొన తీసి కొంగగారి ముక్కులో కుక్కేశాడు.

సరిగ్గా ఆ నిమిషాన రాజుగారు వేంచేశారు. వైద్యులు ముగ్గురూ పిల్లాడి చుట్టూ కింద పడి ఉన్నారు. "ఏమిటిది?" అని గర్జించారు.

పంగనామాల రావు ముందు పాలిపోయాడు, తర్వాత ఎర్రబడ్డాడు, ఆ తర్వాత పచ్చబడి ముందుకొచ్చాడు. "ఇదే ప్రభూ, నేను సాధించిన సమన్వయం!" తొండ ముదిరితే ఊసరవెల్లి అని ఊరికే అన్నారా!

రాజుగారు తొట్టిలో ఒక గుటక వేసి, మెచ్చుకుని ఇకమీదట ప్రతి సమావేశంలో ఇప్పపూల తొట్టి ఉండాలని ఆజ్ఞ వేశారు. ఆ పని చూడ్డానికి పంగనామాల రావునే పెట్టారు. పాపం, మంత్రి పదవి మాట ఎత్తనే లేదు. ఎండలో తొట్టి కాపలా కాస్తూ తల ఊపుతున్నాడు. సమావేశాలకి ఎవరూ రావడం లేదు.

ఎందుకు వస్తారు? వైద్యులు ముగ్గురూ తీరిక దొరికితే చాలు, బొంతమ్మ ఇంటికే పోతున్నారు. వానలు వచ్చాయి. బయట కుండపోతగా కురుస్తుంటే, లోపల జున్నుగాడు అమ్మ ఒళ్ళో కూర్చుని, బొజ్జ నిమురుకుంటూ ఇంకో ముద్దకి నోరు తెరుస్తున్నాడు.

నీతి: తెలివిలో ఉన్న మండలికన్నా మత్తులో ఉన్న వైద్యులే నయం, వాళ్ళు కనీసం పిల్లాడి వైపు తూలుతారు.