పద్నాలుగో నంబర్ గదిలో యాంటీఆక్సిడెంట్లు

గల్ఫ్‌లోని తెలుగు కార్మికుడి ఒంట్లో యాంటీఆక్సిడెంట్లు తక్కువయ్యాయనీ, తాను పదవిలో ఉండగా ఈ దుస్థితి కొనసాగనివ్వననీ మంత్రిగారు హైదరాబాద్‌లో ప్రకటించారు. ఒక్కరి రక్తమూ తీసి చూడకుండా ఇంత కచ్చితంగా చెప్పగల నాయకుడు దొరకడం మన అదృష్టం. పథకం పేరు 'ఖర్జూర కిరణం'. ప్రారంభోత్సవానికి ఎంపికైంది అబుదాబి శివార్లలో, మఫ్రఖ్ లేబర్ క్యాంపులో మేం ఎనిమిదిమందిమి ఉండే పద్నాలుగో నంబర్ గది.

అది జూలై నెల. మా గదిలో ఏసీ చెడిపోయి నలభై రోజులైంది. పరుపులు చెమటకు తడిస్తే, పనికి పోయేముందు బయట ఆరేసి పోయేవాళ్లం. క్యాంప్ బాస్‌ను ఎప్పుడడిగినా "బుక్రా" అనేవాడు. అరబ్బీలో ఆ మాటకు అర్థం రేపు. అలా నలభై రేపులు గడిచాయి.

పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనర్ రాజేశ్వర్ గారు పన్నెండు పెట్టెల ఖర్జూరాలతో దిగారు. మా మంచాల మధ్య నిలబడి, వెయ్యిమంది ముందు మాట్లాడినట్టే మాట్లాడారు.

"అన్నలారా! అజ్వా రకం పండుల ఫినాలిక్స్ ఉంటయి. మెజ్దూల్ పండుల ఫ్లేవనాయిడ్స్ ఉంటయి. ఫర్ద్ పండుల పీచుంటది. మనిషికి దినాం ఏడు పండ్లు. నెల తిరిగేసరికి మిమ్మల్ని మీరే గుర్తు పట్టరు!"

"మరి ఏసీ సంగతి సార్?" అన్నాడు మా గదిలో ఉండే భోజన్న. ఆరేళ్లుగా అతను ఖర్జూరాల ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పెట్టెలు మోస్తున్నాడు. తాను మోసే సరుకు మీద ఉపన్యాసం వినడం మాత్రం ఇదే మొదలు.

"ఏసీ పథకంల లేదన్నా."

భోజన్న ఒక పెట్టె విప్పి, ఒక పండు నలిపి వాసన చూసి, తల అడ్డంగా ఊపాడు.

"గీ ఉడుకకు రెండు దినాలల్ల పులుస్తయి సార్. మీరు చెప్పిన యాంటీఆక్సిడెంట్లు ఒక్కటి మిగలది. మా ఫ్యాక్టరీల వీటిని చల్లటి గదిల పెడ్తరు."

రాజేశ్వర్ గారు గబుక్కున వాచీ చూసుకున్నారు. సాయంత్రం మంత్రిగారు వీడియోలో ఖర్జూరాలను చూడబోతున్నారు. "యల్లా, యల్లా!" అని అరబ్బీలో తొందరపెడుతూ నాలుగు ఫోన్లు చేశారు. రెండు గంటల్లో గోడకు కొత్త ఏసీ బిగిసింది. ప్రభుత్వం తలచుకుంటే పని ఎంత వేగంగా జరుగుతుందో ఆరోజు కళ్లారా చూశాను.

"యే ఏసీ ఖజూర్ కా హై. ఖజూర్ ఖతమ్, ఏసీ వాపస్," అన్నాడు క్యాంప్ బాస్, నిచ్చెన దిగుతూ.

పండ్లు అయిపోయిన రోజే ఏసీ పోతుందని తెలిశాక మాలో ఎవరికీ ఖర్జూరం మీద మనసు పోలేదు. ఒక్క లచ్చన్నకే తీపంటే ప్రాణం. ఒకరోజు పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఒక్కటే తింటనే!"

"ఒక్కటితోనే మొదలైతది. తియ్ చెయ్యి!" అని ఏడుగురం ఒక్కసారే అరిచాం. తర్వాత జాలేసి బిస్కెట్ల పొట్లం కొనిచ్చాం. ఆ నెలంతా చల్లగాలికి ఒళ్లెరగకుండా నిద్రపోయాం. నాకైతే ప్రభుత్వం మీద నిజంగానే ప్రేమ పుట్టింది.

నెల తర్వాత రాజేశ్వర్ గారు ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. మంత్రిగారికి అప్పటికే పంపేసిన నివేదిక చేతిలో ఉంది. పంపిణీ వంద శాతం, వినియోగం వంద శాతం, కార్మికుల్లో యాంటీఆక్సిడెంట్ల పెరుగుదల నలభై శాతం. ఎదురుగా పన్నెండు పెట్టెలు ఉన్నాయి. భోజన్న నలిపిన పండు తప్ప అన్నీ భద్రం.

"గిదేంది? తినలేదా?" ఆయన ఒక్కో పెట్టె మూత ఎత్తి చూశారు. "ఇది పేపర్ల పడితే నా పని ఖలాస్! పెట్టెలన్నీ ఇప్పుడే తీస్కపోతా. ఏసీ గూడ పీకిస్తా."

లచ్చన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తిననందుకో ఏసీ పోతున్నందుకో తెలియదు.

భోజన్న మాత్రం చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "అవి ఎప్పుడో తిన్నం సార్. ఇవి రెండో విడతయి."

"రెండో విడతనా? ఎవరు పంపిన్రు?"

"మీరే పంపిన్రు గద సార్."

రాజేశ్వర్ గారు నివేదికను చూశారు, పెట్టెలను చూశారు, మమ్మల్ని చూశారు. పెద్ద నాయకులకు ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టదు.

"ఔ. పంపిన," అన్నారు.

అందరం పెట్టెలు పట్టుకుని ఫొటో దిగాం. ఆయన వెళ్తూ వెళ్తూ భోజన్నను గుమ్మం పక్కకు పిలిచి, డైరీ తెరిచి, గొంతు తగ్గించి అడిగారు.

"అన్నా, మూడో విడత నేనెప్పుడు పంపుతున్న?"