చిటికెల్రావు గారి సర్వరు

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ ఏ పని చెప్పినా "ఓస్, చిటికెలో అయిపోతుంది!" అంటూ చిటికె వేసే అలవాటు వల్ల ఆఫీసులోనూ, వీధిలోనూ, ఆఖరికి అత్తవారింట్లోనూ చిటికెల్రావుగా స్థిరపడిపోయాడు. చుక్కచుక్కగా కారే కుళాయిని చిటికెలో బాగుచేసి, వంటింటిని చెరువు చేసిన ఘనుడాయన. గోడ గడియారాన్నీ చిటికెలోనే బాగుచేశాడు. పాపం, అది ఆ రోజు నుంచి అటకమీదే ఉంటోంది.

అలాంటి చిటికెల్రావుకు, ఫోటోలూ వీడియోలూ ఇంట్లోనే దాచుకునే సర్వరు అనే కంప్యూటరు మీద మనసు పోయింది.

"మన పెళ్ళి ఫోటోలూ వీడియోలూ ఎవడో కంపెనీవాడి కంప్యూటర్లో ఉండటమేమిటోయ్? మన బీరువా తాళాలు పక్కింటివాళ్ళకిస్తామా?" అని భార్యను ఊదరగొట్టాడు.

"పక్కింటావిడ దగ్గర మన తాళం ఉండబట్టే కదండీ, మొన్న మీరు చెత్త పారేయడానికి వెళ్ళి, తలుపు పడిపోయినా మళ్ళీ ఇంట్లోకి రాగలిగారు" అంది ఆవిడ.

ఆవిడ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఓవెన్ ముందు ఓపిగ్గా కూర్చునే మనిషి. పెళ్ళైన కొత్తలో, కేకు పొంగిందో లేదో చూద్దామని చిటికెల్రావు మాటిమాటికీ ఓవెన్ తలుపు తీస్తే, లోపలి కేకు చతికిలబడింది. అప్పటినుంచి ఓవెన్ చుట్టుపక్కలకు ఆయనకు ప్రవేశం లేదు. ఈమధ్య మైదా డబ్బా జోలికి కూడా రావద్దని కొత్తగా హుకుం జారీ అయింది. ఎందుకో ఆయన అడగలేదు. అడిగి జవాబు వినేంత తీరిక ఆయనకెక్కడిది?

మొత్తానికి సర్వరుకి అనుమతి దొరికింది. పెద్ద పెద్ద ఆఫీసుల్లో వాడే సర్వర్ల బోర్డు లాంటిదే, కాకపోతే ఇళ్ళల్లో కంప్యూటర్లకు వాడే మామూలు ప్రాసెసరు పట్టేది ఒకటి కొన్నాడు. ప్రాసెసరూ, మెమరీ కడ్డీలూ కొన్నాడు. ఇక కొత్తది వచ్చేసిందన్న హుషారులో పాత కంప్యూటర్లోని డిస్కులు ఊడదీసుకుని, మిగతాది పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. దాన్ని ఊడదీసే ముందే, పనిలో పనిగా భార్య ఫోనులో జాగా లేదని, అందులోని వీడియోలన్నీ తన డిస్కుల్లోకి ఎక్కించి, ఫోనును శుభ్రంగా తుడిచిపెట్టాడు. అన్నీ చిటికెలోనే చేశాడు. కొత్త బోర్డు పనిచేస్తుందా లేదా అని చూడటం ఒక్కటే మిగిలిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఆవిడ అడిగింది.

"ఏమండీ, సాయంత్రం అమ్మ వస్తోంది. తన పుట్టినరోజు కదా, నాన్న వీడియో టీవీలో పెడదామనుకుంటున్నా. అది జాగ్రత్తగా ఉంది కదూ?"

మామగారు పోయి రెండేళ్ళవుతోంది. ఆయన గొంతు వినబడేది ఆ ఒక్క వీడియోలోనే. బాల్కనీలో కూర్చుని నారింజపండు ఒలుస్తూ కూతురితో కబుర్లు చెబుతుంటారు. మామగారు మహా నిదానస్తుడు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మనిషి స్నానం చేసి రావచ్చు. అందుకే చిటికెల్రావు ఆ వీడియోను ఎప్పుడూ పండు ఒలవడం దాటి చూడలేదు.

"ఓస్! భద్రంగా ఉంది. సర్వరు లేవగానే టీవీలో చిటికెలో వచ్చేస్తుంది" అన్నాడు నీళ్ళు నములుతూ.

"లేవడం అంటే? ఇంకా లేవలేదా?"

"లేచే ఉందిలే. ఒళ్ళు విరుచుకుంటోంది."

ఆవిడ ఒకసారి ఆయన ముఖంలోకి చూసి, మైదా జల్లించుకోవడానికి వెళ్ళిపోయింది.

భోజనాల బల్లమీద దుకాణం తెరిచాడు చిటికెల్రావు. బోర్డుకు స్విచ్చు బిగించే ఓపిక లేక, చెంచా తెచ్చి రెండు పిన్నులను కలిపాడు. అంతే! ప్రాసెసరును చల్లబరిచే ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. బల్లకు అటుచివర జల్లించి పెట్టిన మైదా అంతా లేచి ఆవిడ ముఖానికీ, జడకీ, ఆయన తలకీ, గోడమీద ఉన్న పెళ్ళి ఫోటోకీ పట్టింది. ఆవిడ చేసిన మొదటి పని ముఖం తుడుచుకోవడం కాదు, పరుగున వెళ్ళి మైదా డబ్బాను గుండెలకు హత్తుకోవడం. మొగుడికంటే పిండి ఎక్కువైపోయిందా అని ఆయన మనసు చివుక్కుమంది.

"ఇదేం సర్వరండీ, విమానంలా ఉంది!"

"పనిచేస్తోందనడానికి అదే గుర్తోయ్."

కానీ మానిటరు మీద ఒక్క అక్షరం రాలేదు. కాసేపు చూశాడు. ఆయన కాసేపంటే ఇతరులకు రెప్పపాటు. టక్కున కరెంటు పీకేసి, మెమరీ కడ్డీని ఒక గూట్లోంచి ఇంకో గూట్లోకి మార్చాడు. మళ్ళీ చెంచా, మళ్ళీ హోరు, మళ్ళీ నల్లటి తెర. మళ్ళీ పీకాడు. ఈసారి రెండో కడ్డీ తీసేశాడు. తర్వాత మొదటిది తీసి రెండోది పెట్టాడు. ప్రాసెసరును కూడా పైకి తీసి, ఊది, మళ్ళీ కూర్చోబెట్టాడు. బోర్డు ససేమిరా అంది.

బోర్డుమీద గుండ్రటి బిళ్ళ బ్యాటరీ కనబడింది. తప్పు దీనిదే అని చిటికెలో తేల్చేశాడు. అలాంటి బిళ్ళ ఇంట్లో ఇంకెక్కడుందా అని వెతికి, పిల్లిలా వంటింట్లో దూరి, కేకులకు పిండి తూచే చిన్న కాటాలోది ఊడబెరుక్కొచ్చాడు. దాంతో బోర్డు లేవలేదు సరికదా, కాటా కూడా పడుకుంది.

"ఏమండీ! నా కాటాకేమైంది?"

"ఇవాళ ఆదివారం కదోయ్, దానికీ సెలవే."

"అమ్మ పుట్టినరోజు కేకు చేతి తూకంతో చేయమంటారా?"

"నీ చేతికి తూకమెందుకోయ్? నీ చెయ్యే కాటా!"

పొగడ్త పనిచేసిందనుకున్నాడు. కానీ ఆవిడ పెదవి బిగబట్టింది. ఆవిడ కోపాన్ని దిగమింగుతోందనుకున్నాడు. ఇక లాభం లేదని బోర్డును తువ్వాల్లో చుట్టుకుని, సందు చివర ఉన్న కంప్యూటర్ల షాపుకు ఒకటే పరుగు తీశాడు.

షాపతను అంతా విని, బోర్డును కనీసం విప్పి కూడా చూడకుండా ఒకే ప్రశ్న అడిగాడు.

"కరెంటు వేశాక ఎంతసేపు ఆగారు సార్?"

"చాలాసేపు ఆగానండీ."

"చాలాసేపంటే? టీ చేసుకునేంతసేపా?"

"టీ చేయాలని అనుకునేంతసేపు."

షాపతను నవ్వాడు. "కొత్త మెమరీ పెట్టినప్పుడు ఈ బోర్డు మొదటిసారి దాన్ని తడిమి తడిమి పరీక్షించుకుంటుంది సార్. అది పూర్తయ్యేదాకా తెర నల్లగానే ఉంటుంది. మీరు మధ్యలో కరెంటు పీకినా, కడ్డీ మార్చినా పాపం అది మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టుకోవాలి. అన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి, వేసి వదిలేయండి. ముట్టుకోకండి. అదే రిపేరు."

చిటికెల్రావు బిక్కచచ్చిపోయాడు. బోర్డు కాలిపోయిందన్నా ఇంత బాధపడేవాడు కాదు. ముట్టుకోకుండా కూర్చోవడమా? పుట్టి బుద్ధెరిగాక అలాంటి పని ఆయన చేసి ఎరగడు.

ఇంటికొచ్చి అన్నీ బిగించి, చెంచాతో లేపి, కుర్చీలో కూలబడ్డాడు. హోరు మొదలైంది. పిండి మరకలతో భార్య ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమెను చూసేసరికి ఆయన ఇక దాచలేకపోయాడు.

"నీకో మాట చెప్పాలోయ్" అన్నాడు. "సర్వరు లేవలేదు. ఇంతవరకూ ఒక్కసారీ లేవలేదు. పాతది ఇచ్చేశాను, నీ ఫోనులోదీ తుడిచేశాను. మీ నాన్నగారి గొంతు నా చేతులతో నేనే పోగొట్టానేమోనని భయంగా ఉంది. నన్ను తిట్టు."

ఆవిడ ఆయన తలమీది మైదాను కొంగుతో దులిపింది.

"తిట్టడానికి తర్వాత బోలెడు తీరిక ఉంది. షాపతను ఏమన్నాడు?"

"ముట్టుకోకుండా ఆగమన్నాడు."

"అయితే అంతే. ఓవెన్లో నా కేకుంది, బల్లమీద మీ డబ్బా ఉంది. రెండింటి జోలికీ వెళ్ళకండి."

చెప్పడం తేలిక. ఆయన చెయ్యి అప్పుడే ప్లగ్గు వైపు పాకుతోంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో అత్తగారు ప్రత్యక్షమయ్యారు, చేతిలో అల్లికల సంచితో. ఆవిడకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉన్నితో అల్లుతూ ఉండకపోతే తోచదు.

"ఏం చేస్తున్నారు అల్లుడుగారూ?"

"ఏమీ చేయకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నానండీ అత్తయ్యగారూ."

"అమ్మా!" అంది భార్య వంటింట్లోంచి. "నీ ఉన్ని ఉండ చుట్టుకోవాలన్నావుగా? ఆయన చేతులు ఖాళీగానే ఉన్నాయి."

అత్తగారు ఆయన రెండు చేతులూ ముందుకు చాపించి, ఉన్ని దారపు చుట్టను వాటికి తగిలించి, కొస పట్టుకుని తీరిగ్గా ఉండ చుట్టడం మొదలుపెట్టారు. చిటికెల్రావు అడ్డంగా దొరికిపోయాడు. చెయ్యి దించితే దారం చిక్కుపడుతుంది. లేస్తే అత్తగారు కూడా దారంతో పాటు లేచి రావాలి. నల్లటి తెరను చూస్తూ కూర్చున్నాడు. ముక్కు దురద పెడితే అత్తగారే గోకారు.

ఉండ పెరిగింది. కేకు వాసన ఇల్లంతా పరుచుకుంది. ఉన్నట్టుండి ఫ్యాన్ల హోరు తగ్గింది. తెరమీద అక్షరాలు బిలబిలమంటూ వచ్చాయి.

"లేచింది! లేచిందోయ్!" అని అరిచాడు చిటికెల్రావు, చేతులు మాత్రం కదపకుండా.

ఆయన నోటితో చెబుతుంటే భార్య రిమోటు నొక్కింది. టీవీలో బాల్కనీ కనబడింది. మామగారు కనబడ్డారు. నారింజపండు తొక్కను తెగకుండా తీస్తున్నారు. "ఏమ్మా, నన్నెందుకు తీస్తున్నావు, ఆ చెట్టును తియ్యరాదూ?" అన్న గొంతు వినబడగానే అత్తగారి చేతిలో ఉండ ఆగిపోయింది. అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవులమీద నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు చూసి చిటికెల్రావుకు పొద్దుటి నుంచీ పడ్డ పాట్లన్నీ మరుపున పడ్డాయి.

పండు ఒలవడం పూర్తయింది. ఎప్పుడూ ఆయన ఆపేసే చోటు అదే. ఈసారి ఆపడానికి చేతుల్లేవు.

"కొత్త అల్లుడెలా ఉన్నాడు నాన్నా?" అని వీడియోలో భార్య గొంతు అడిగింది.

మామగారు ఒక తొన నోట్లో వేసుకున్నారు. నమిలారు. గింజ తీశారు.

"బంగారం" అన్నారు. చిటికెల్రావు ఛాతీ పొంగింది. మామగారు ఇంకో తొన తీసుకున్నారు. దాన్నీ నిదానంగా నమిలారు. "మనసు వెన్న. కానీ తల్లీ, ముఖ్యమైన వస్తువేదైనా ఆయన చేతికిచ్చేముందు, అలాంటిదే ఇంకోటి తీసి దాచుకో."

చిటికెల్రావు మెల్లగా భార్య వైపు తల తిప్పాడు. ఆవిడ అప్పటికే మైదా డబ్బా తెచ్చి, లోపలినుంచి చిన్న పొట్లం తీసింది. పొట్లంలో పెన్ డ్రైవు ఉంది.

"మీరు నా ఫోను అడిగిన రోజే తీసి పెట్టుకున్నానండీ."

"నా దగ్గరా ఒకటుంది బాబూ" అంటూ అత్తగారు అల్లికల సంచి అడుగునుంచి ఇంకోటి తీశారు. "ఆ మాట ఆయన నాకూ చెప్పే పోయారు."

"మరి పొద్దున్నించీ నన్నెందుకే ఇలా ఏడిపించావు?"

"ఏడిపించడమేమిటండీ? పెళ్ళయ్యాక మీరు ఇంతసేపు నా కళ్ళముందు కుదురుగా కూర్చున్నది ఇవాళేగా. చూడముచ్చటగా ఉంటేనూ..." అని ఆవిడ ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. పొద్దుటి నుంచీ ఆ పెదవులు బిగబట్టింది ఈ నవ్వును ఆపుకోవడానికేనని ఆయనకు అప్పుడర్థమైంది.

చేతి తూకంతో చేసిన కేకు బల్లమీదికి వచ్చింది. ఓవెన్ తలుపు ఎవరూ తీయలేదు గనక నిండుగా పొంగింది.

"కేకు కోసి పెడతారా అల్లుడుగారూ?" అని అడిగారు అత్తగారు.

"ఓస్, అదెంత పని! చిటికెలో..." అని హుషారుగా చిటికె వేయబోయాడు. వేళ్ళు ఇంకా ఉన్నిలోనే ఉన్నాయి.