వంగపండు రంగు పెళ్లికూతురు

అత్తగారు వీరమ్మగారు గుడికి వెళ్లగానే ఆవిడ ట్రంకుపెట్టె తెరిచి, పెళ్లినాటి నెగెటివ్ తీసి, కొత్తగా కొన్న స్కానర్‌లో పెట్టి, ఆవిడ తిరిగొచ్చేలోగా మళ్లీ పెట్టెలో సర్దెయ్యాలని పూర్ణిమ పథకం. పెళ్లిరోజుకి ఫొటో కట్టించి ఇస్తే సంతోషిస్తారని ఆశ. బందరులోని ఆ ఇంట్లో వీరమ్మగారి పెట్టె ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. కొడుకు కళ్యాణ్ దాని మీద కూర్చోవడానికి కూడా జంకుతాడు.

కంగారులో పూర్ణిమ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మును కలర్‌లో స్కాన్ చేసింది. పెళ్లికూతురు వంగపండు రంగులో తేలింది. సరిగ్గా అప్పుడే వెనక గాజుల చప్పుడు.

గుడినుంచి వచ్చిన వీరమ్మగారు తెర చూసి, పెట్టె ఎవరు తీశారని అడగడమే మర్చిపోయారు.

"చూశావా, నా చీర వంగపండు రంగే. నలభయ్యేళ్లుగా మా ఆడపడుచు పచ్చచీరంటోంది. అదీ తనదేనట, నేను తిరిగివ్వలేదట."

అది మిషను పూసిన రంగని చెబితే పెట్టె సంగతి కదులుతుంది. పూర్ణిమ తలూపేసింది. వీరమ్మగారు చల్లపల్లిలో ఉన్న ఆడపడుచుకి ఫోన్ చేశారు. "కనకం, సాక్ష్యం దొరికింది. బస్సెక్కు."

మధ్యాహ్నం భోజనానికొచ్చిన కళ్యాణ్ తెర చూసి, "దీన్ని గ్రేస్కేల్ చెయ్యాలి, నలుపు తెలుపుల్లోకి, ఆ మాత్రం తెలీదా?" అని తనే మార్చి, పాతదాని మీదే సేవ్ చేసి, మజ్జిగన్నం తిని వెళ్లిపోయాడు. వంగపండు మాయమైంది.

గేటు దగ్గర ఆటో ఆగింది. వంగపండు రంగు తిరిగి తెద్దామని పూర్ణిమ మళ్లీ కలర్‌లో స్కాన్ చేసింది. ఈసారి చిలకపచ్చ వచ్చింది.

"నా చీరే. ఇంకేం చెబుతావు వదినా?" అన్నారు కనకమహాలక్ష్మిగారు గుమ్మంలోంచే.

కనకమహాలక్ష్మిగారు కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగారు.

"అదేంటి, అన్నయ్య ముఖం కూడా పచ్చగా ఉంది?"

"ఆ రోజు భయమేసిందమ్మా. ఇంకా తగ్గలేదు," అన్నారు వరండాలో పేపరు చదువుకుంటున్న మామగారు గంగాధరరావుగారు.

"పురోహితుడూ పచ్చే," అన్నారు వీరమ్మగారు నెమ్మదిగా. "పొద్దున వంగపండు, ఇప్పుడు పచ్చ. ఇదంతా మిషను రంగు, కనకం."

"అంతే వదినా." నలభయ్యేళ్లలో ఇద్దరూ ఒక్కమాట మీదికి రావడం ఇదే మొదలు. "అది సరేగానీ, నీ పెట్టె తీసిందెవరు?"

ఇద్దరూ ఒకేసారి కోడలి వైపు తిరిగారు.

పూర్ణిమ ముఖం గ్రేస్కేల్‌లోకి మారడానికి ఏ బటనూ నొక్కాల్సిన అవసరం లేకపోయింది.